జంగు

మా దిక్కు తుప్పును జంగు అంటరు.
కొట్లాటను గూడ అదే మాటతోని పిలుస్తరు.
రెండిట్ల ఏది ముందు పుట్టిందో
హన్మకొండ స్టేడియం తూర్పు గ్యాలరీ కింద
సుత్తె పట్టుకొని నిలబడ్డ ఇన్నేండ్లల్ల
నాకు తేలలే.

నా పని వినుడు.
కంబాన్ని ఒక్క దెబ్బ కొడుత, చెవి పెడుత.
బాగున్న ఇనుము కంచు చెంబు లెక్క పలుకుతది.
లోపల తిన్నది
అప్పు అడిగితే అన్న అన్నట్టు
"ఊఁ" అంటది.
అక్కడ సుద్దతోని ఇంటూ గీస్త.

పదకొండు కంబాలకు ఏడు ఇంటూలు.
ఎస్టిమేటుల ఉన్నయి ఆరు.

తెల్లారకముందే పోలీసు కొలువుల పిల్లలు దిగుతరు
నర్సంపేట నుంచి, పరకాల నుంచి,
హాస్టలు చపాతీలు అరగకముందే.
వాళ్ల చెమట మీద మా ఇనుప పొట్టు రాలుతది.
"అన్నా, మీదికెల్లి ఏందో పడుతుంది!"
పరంజ మీదికెల్లి కొమురమ్మ జవాబిస్తది:
"పసుపు కాదు బిడ్డా, జంగు. పక్క లైనుల ఉరుకు."

ముక్కుకు కొంగు చుట్టుకొని
తీగ బ్రష్షుతోని గీకుతది ఆమె.
మొదాలు నీలం రాలింది.
దాని కింద ఆకుపచ్చ. దాని కింద బూడిద రంగు.
అన్నిటి కింద జంగు, పచ్చి పుండు లెక్క.
"పెద్దసారు ఎవరొచ్చినా ఒక పొర కొట్టిండ్రు,
మొఖం కడగకుంట పౌడరు రాసినట్టు."
నా రిజిస్టరుల ఈ మాటకు గడి లేదు.
పాత రంగు తొలగింపు, చదరపు మీటరుకు ఇంత
అని రాసిన.

నాలుగో కంబం కాడ యాకయ్య ఆగిండు.
అన్నారం దర్గాకు మొక్కితే పుట్టినోడు,
కాజీపేట షెడ్డుల రాడ్డు పట్టుడు నేర్చినోడు.
నల్లద్దం నుదుటి మీదికి ఎత్తి
బొటనవేలుతోని ఒక అతుకును తడిమిండు.
చేప పొలుసుల లెక్క, సమానంగ, తొందర లేకుంట.
"ఇది నాదే" అన్నడు.
ఇరవై రెండేండ్ల కిందటి చెయ్యి.

అతుకు ఇసుమంత కదలలే.
అతుకు పక్కన ఇనుమే
వానల నానిన అట్టముక్క అయింది.
వేలు పెడితే వేలు పోయింది.

నేను మెచ్చుకోబోయిన.
"గమ్మునుండు" అన్నడు.
"సన్న ఇనుముకు లావు అతుకు వేసిన.
బలమంత నా కాడనే పెట్టుకున్న.
పక్కదాని సంగతి అడగలే.
గట్టిగున్నది నేను,
పోయింది అది."

కటింగు మిషను పెట్టి
తన అతుకును తనే కోసిండు.
నిప్పురవ్వలు పదో వరుస దాక ఎగిరినయి.
ముక్క చల్లారేదాక పక్కన కూసున్నడు,
జేబుల వేసుకున్నడు,
నాలుగడుగులు పోయి మళ్ల తీసి
పాత ఇనుము కుప్పల పడేసిండు.
ఆ చప్పుడు నా చెవికి తెలిసిందే.
కంచు చెంబు.

ఎర్ర పూత డబ్బా మూత తీసినం.
లోపల అచ్చం అదే రంగు.
"జంగును జంగుతోనే ఆపుతరా?" కొమురమ్మ అడిగింది.
ఇంజనీరు ఫోనుల ఉన్నడు.
నాకు తెల్వదన్న.

ఆరు కంబాలు నిలబడ్డయి.
ఏడోదాని మీది వరుసలకు తాడు కట్టి
"కూర్చోరాదు" బోర్డు తగిలిచ్చినం.
పరకాల పిల్ల ఒకతి ఆ తాడు మీద
తడి టవలు ఆరేసి ఉరుకుతది రోజూ.
ఎనిమిది వందల మీటర్లు. ఇంకా ఆరు సెకన్లు తగ్గాలెనట.

వాన పడ్డ రాత్రి
నా సుద్ద గీత కొట్టుకపోతది.
కంబం బాగైనట్టే కనబడుతది.
పొద్దుగాల పోయి
ఒక్క దెబ్బ కొట్టి, విని,
మళ్ల ఇంటూ గీస్త.